పదో తరగతికి అనువంశికత పాఠం: మనం చెప్పేయకుండా పిల్లల చేతే కనిపెట్టించేది ఎట్టా?

నల్లరేగడి (ఒంగోలు దగ్గర) | డిసెంబరు 3, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్తా. పదకొండేళ్ళుగా ఈ పాఠం ఒకటే పద్ధతి, బోర్డు మీద పొడుగు మొక్క, పొట్టి మొక్క, తల్లిదండ్రుల జీన్లు కలిపి చూసే ఒక గళ్ళ పట్టిక, 3:1 (మూడు పొడుగుకి ఒక పొట్టి) అని రాసి కింద రెండు గీతలు. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో దింపేస్తారు, మార్కులూ వస్తయ్యి. మొన్న స్లిప్ టెస్టులో ఊరికే ఒక ప్రశ్న మార్చి ఇచ్చా. తల్లిదండ్రులిద్దరూ హైబ్రిడ్ (రెండు రకాల జీన్లూ ఒక్కొక్కటి ఉన్నవాళ్ళు), మొదటి ముగ్గురు పిల్లలకీ డామినెంట్ (పైకి కనపడే) లక్షణమే వచ్చింది, నాలుగో బిడ్డ ఎట్టా పుడతాడు అని. 42 మందిలో 35 మంది "కచ్చితంగా రెసెసివ్" (దాక్కుని ఉండే లక్షణం) అని రాశారు. ముగ్గురు అయిపోయారు కాబట్టి ఇక ఒకటి మిగిలిందంట.

ఆ పేపర్లు దిద్దతా చాలాసేపు అట్టాగే కూర్చుండిపోయా. వాళ్ళ తప్పేం లేదు, నేను నేర్పించింది అదే. 3:1 అనేది లెక్కపెడితే వచ్చిన సంగతి అని వాళ్ళకి ఎప్పుడూ తెలీలేదు, నా నోట్లోంచి వచ్చిన సంగతి అనే తెలుసు. పైగా బఠాణీ చెట్టు మా క్లాసులో ఒక్కళ్ళు కూడా చూళ్ళేదు, బండి మీద మసాలాలో వేసేదే తెలుసు.

ఈసారి తిరగేసి చెప్పాలని ఉంది, ముందు వాళ్ళు చూడాలి, లెక్కపెట్టాలి, ఎందుకిట్టా అని అడగాలి, ఆ తర్వాత పేర్లు చెప్పాలి. మీలో ఎవరన్నా ఇట్టా చేసుంటే చెప్పండి. డబ్బు ఖర్చు లేకుండా అయ్యేవి కావాలి.

పినాకిని (నెల్లూరు) | డిసెంబరు 3, రాత్రి 10.25

సార్, ఏం చెయ్యాలో తర్వాత చెప్తా, ముందు ఏం చెయ్యకూడదో చెప్పనీయండి. నాలుక మడత పెట్టడం, చెవి తమ్మె అంటుకుని ఉండడం, ఈ రెండూ మాత్రం క్లాసులో చేయించబాకండి.

నేను చేయించా, ఆరేళ్ళ కిందట. నాలుక గొట్టంలా మడిచేది డామినెంట్, ఇంట్లో అందరివీ చూసి పట్టిక వేసుకుని రండి అని చెప్పా. ఒక పాప తెల్లారి వచ్చి ఎవరూ లేనప్పుడు అడిగింది, "మేడం, మా అమ్మకీ రాదు మా నాయనకీ రాదు, నాకు వస్తుండాది, అంటే నేను మా నాయన కూతుర్ని కాదా" అని. గళ్ళ పట్టిక ప్రకారం అయితే ఆ పాప అడిగింది కరెక్టే కదా, ఇద్దరూ రెసెసివ్ అయితే బిడ్డకి డామినెంట్ ఎట్టా వస్తుంది. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు.

ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసింది, అసలు అది ఒక జీన్‌తో నడిచే లక్షణమే కాదు. నాలుక మడత ఒక జీన్‌తో వస్తుంది అనేది 1940లో స్టర్టెవాంట్ రాసిన మాట, ఆయనేమీ చిన్నవాడు కాదు, 1913లో మొట్టమొదటి జీన్ మ్యాప్ వేసిన మనిషి. కానీ 1952లోనే కవల పిల్లల్లో చూస్తే, అచ్చుగుద్దినట్టుండే కవలల్లో కూడా ఒకరికి మడత వచ్చి ఇంకొకరికి రానివాళ్ళు ఉండారు. తర్వాత స్టర్టెవాంటే ఒప్పుకున్నాడు, నేనన్నది నిలవలేదు అని. చెవి తమ్మె సంగతీ అంతే, అంటుకున్నది అంటుకోనిది అని రెండే రకాలు కాదు, మధ్యలో ఎన్నో ఉంటాయి, చాలా జీన్లు కలిసి చేస్తాయి. ఇన్నేళ్ళయినా ఇంకా గైడ్లలో, ప్రాజెక్టు పుస్తకాల్లో అదే తిరుగుతుండాది.

ఆ పాపకి తెల్లారి అంతా చెప్పా, నాదే తప్పు అని కూడా చెప్పా. అప్పటి నుంచి పిలకాయల ఒంటి మీద, వాళ్ళ ఇంటి మీద ఈ పాఠం చెప్పేది మానేశా.

పీహెచ్‌సీ ల్యాబ్ | డిసెంబరు 4, ఉదయం 6.50

మేడం చెప్పిందానికి నాదొకటి కలపండి. బ్లడ్ గ్రూపులు. ప్రతి ఏడూ డిసెంబరులో మా దగ్గరికి పిలకాయలు గుంపుగా వస్తారు, సార్ ప్రాజెక్టు ఇచ్చాడు, మా అమ్మా నాయనల గ్రూపు రాసివ్వండి అని. నేను రాసివ్వను. కారణం ఏందంటే ఇళ్ళల్లో ఉండే పాత చీటీల మీద గ్రూపు తప్పు రాసి ఉండేది నేను చాలాసార్లు చూశా. ఇంకొకటి, 1952లో బొంబాయిలో కనిపెట్టిన బాంబే గ్రూపు ఉంది, అట్టాంటి మనిషికి మామూలు టెస్టులో ఓ అని వస్తుంది, లోపల ఏ జీనో బీ జీనో ఉండొచ్చు, అది బిడ్డకి పోవచ్చు. అరుదే, కానీ ఆ అరుదు మన క్లాసులోనే ఉంటే ఆ ఇంట్లో గొడవకి ఎవరు పూచీ.

దానికి బదులు ఇట్టా ఇవ్వండి, నేను మా అబ్బాయికి ఇచ్చిన లెక్క. ఆస్పత్రిలో ముగ్గురు బిడ్డల చేతి పట్టీలు ఊడిపోయాయి, బిడ్డల గ్రూపులు ఓ, ఏ, ఏబీ. జంటలు మూడు, ఓ-ఓ, ఏబీ-ఓ, ఏ-బీ. ఎవరి బిడ్డ ఎవరు? ముందు రూల్ చెప్పబాకండి, నాలుగైదు కుటుంబాల గ్రూపులు కాయితం మీద ఇచ్చి రూల్ వాళ్ళనే పట్టమనండి, ఆ తర్వాత ఈ లెక్క. మావాడు ముందు ఏబీ బిడ్డని ఏబీ-ఓ జంటకి ఇచ్చేశాడు, ఇచ్చి మళ్ళీ వాడే "అట్టా కుదరదు నాయనా, ఓ మనిషి బిడ్డకి ఇచ్చేదాంట్లో ఏ లేదు, బీ లేదు, మరి రెండూ ఒక్కళ్ళ దగ్గరి నుంచి రావాల్సొస్తుంది" అని తీసేశాడు. ఆ తీసేసినప్పుడే వాడికి పాఠం వచ్చింది.

కనిగిరి లెక్కల మాస్టారు | డిసెంబరు 4, సాయంత్రం 5.15

నల్లరేగడి గారూ, మీ 35 మంది తప్పు బయాలజీ తప్పు కాదు, సంభావ్యత తప్పు, అది మా పాఠం. పదో తరగతి లెక్కల్లో సంభావ్యత కూడా ఉంది, రెండు పాఠాలూ ఒకే వారంలో పెట్టుకుంటే ఎంత బాగుంటుందో. పోయినేడు మా స్కూల్లో బయాలజీ మేడం, నేను కలిసి చేశాం.

చింతపిక్కలతో మొదలుపెట్టాం. అష్టాచెమ్మాకి చేసుకున్నట్టే ఒక పక్క బండకేసి అరగదీసి తెల్లగా చేయించాం, నల్ల పక్క పెద్ద టీ (పొడుగు జీన్), తెల్ల పక్క చిన్న టీ (పొట్టి జీన్). ఒకరి చేతిలో అమ్మ పిక్క, ఒకరి చేతిలో నాన్న పిక్క, ఇద్దరూ ఒకేసారి వెయ్యాలి, రెండూ తెల్లగా పడితే పొట్టి మొక్క. 20 జట్లు, జట్టుకి 50 సార్లు, మొత్తం వెయ్యి. 250 దగ్గర రావాలి కదా, వచ్చింది 163.

బయాలజీ మేడం కంగారు పడింది, అయ్యో మాస్టారూ పాఠం తప్పిపోయింది, రూపాయి బిళ్ళలు తీసుకురండి అని. నేనే వద్దన్నా, పిల్లల్నే అడుగుదాం అన్నా. ఎందుకు తక్కువొచ్చింది? ఒకడు లెక్కపెట్టేది తప్పు అన్నాడు, ఒకమ్మాయి వెయ్యి చాలదు అంది. వెనక బెంచీలో కూర్చునే పిల్లాడు, ఎప్పుడూ నోరు తెరవనివాడు, వాడు లేచి "సార్, అరగదీసిన పక్క చదునుగా ఉండాది, అదే నేలకి ఆనుకుని నల్లది పైకి వస్తుండాది" అన్నాడు. ఎట్టా తేల్చాలి అంటే "ఒక్క పిక్కే వేసి చూద్దాం" అన్నాడు. 100 సార్లు వేశారు. తెల్లది 41. సరే, 0.41ని 0.41తో గుణించండి అన్నా. 0.168, అంటే వెయ్యికి 168. వాళ్ళకొచ్చింది 163.

క్లాసంతా ఒక్కసారి నిశ్శబ్దం అయిపోయింది. నాకు ఇరవై రెండేళ్ళ సర్వీసు, అట్టాంటి నిశ్శబ్దం మూడు నాలుగు సార్లు విని ఉంటా.

ఆ తర్వాత రూపాయి బిళ్ళలు ఇచ్చాం, జట్టుకి 20 సార్లు. ఒక జట్టుకి 20కి 9 పొట్టి వచ్చాయి, ఇంకో జట్టుకి 2. అందరివీ కలిపితే 400కి 104. బిళ్ళకి ఇందాక ఏం పడిందో గుర్తుండదు అని ఆ రోజు ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. మీ నాలుగో బిడ్డ ప్రశ్న అప్పుడు ఇవ్వండి.

నల్లరేగడి | డిసెంబరు 4, రాత్రి 8.30

మాస్టారూ మీ పోస్టు రెండుసార్లు చదివా. మీ 9, 2 లెక్క చూడంగానే ఒకటి గుర్తొచ్చింది. మెండల్ 1866లో అచ్చేసిన పేపర్లో గుండ్రటి గింజలు 5,474, ముడతలవి 1,850 అనే మొత్తం ఒక్కటే మనం పిల్లలకి చూపిస్తాం. కానీ ఆయన అదే పేపర్లో మొదటి పది చెట్లకీ విడివిడిగా రాశాడు. 45 గుండ్రటివాటికి 12 ముడతలవి, అట్టాగే 27కి 8, 24కి 7, 19కి 10, 32కి 11, 26కి 6, 88కి 24, 22కి 10, 28కి 6, 25కి 7. ఒక చెట్టుకి 43 గుండ్రటివి, 2 ముడతలవి, ఇంకో చెట్టుకి 14, 15 వచ్చినయ్యి అని కూడా దాచకుండా రాశాడు.

నాకనిపిస్తంది ఈ పది చెట్ల లెక్కే బోర్డు మీద రాసి ఏం మాట్లాడకుండా కూర్చోవాలని. 19కి 10 చూస్తే ఎవడికి మూడింతలు కనపడతంది? కూడితే 336కి 101. అప్పుడు గానీ ఆ మనిషి ఎనిమిదేళ్ళు, ఇరవై వేల పైచిలుకు మొక్కలు ఎందుకు పెంచాడో అర్థం కాదు. 14కి 15 వచ్చిన చెట్టు ఒక్కటే చేతిలో ఉంటే సగం సగం అని రాసుకుని పోయేవాడే కదా.

సక్సెస్ బ్యాచ్ | డిసెంబరు 4, రాత్రి 9.05

అందరూ బాగానే చెప్తున్నారు గానీ డిసెంబరు వచ్చేసింది, మార్చిలో పబ్లిక్, రివిజన్ టెస్టులు, పైనుంచి రిజల్ట్ ఎంత అని అడిగేవాళ్ళు. ఈ పిక్కలాటకి పీరియడ్లు ఎక్కడ దొరుకుతాయి. నేనూ టీచర్నే, మనసుకి ఇష్టం లేక అంటున్న మాట కాదు ఇది.

కనిగిరి లెక్కల మాస్టారు | డిసెంబరు 4, రాత్రి 9.30

మీ బాధ నాకు తెలుసు సార్. మాకు పట్టింది నాలుగు పీరియడ్లు, రెండు లెక్కలవి, రెండు బయాలజీవి. తర్వాత గళ్ళ పట్టిక ఒక్క పీరియడ్లో అయిపోయింది, ఎందుకంటే అప్పటికే వాళ్ళ చేతుల్లో ఉంది అది. అంతకుముందు మేడం దానికే మూడు పీరియడ్లు తీసుకునేది. వచ్చే ఏడు ఒక్క సెక్షన్‌కి చేసి చూడండి.

విత్తనాల సంచి (నాగులుప్పలపాడు) | డిసెంబరు 5, ఉదయం 5.40

నేను టీచర్ని కాదు, విత్తన పంట చేయించే పనిలో ఉంటా. నల్లరేగడి సారూ, ఒంగోలు పక్కన ఉండి బఠాణీ కనపడలేదు అంటన్నారు, స్కూలు గోడ దాటితే శనగచేను లేదా ఏంది మీకు? మన ప్రకాశం జిల్లాకి మెండల్ బఠాణీ ఏదంటే శనగే. బఠాణీ లాగే శనగ కూడా తన పువ్వు తనే పరాగం చేసుకునే పంట, పువ్వు విచ్చుకునేసరికే లోపల పని అయిపోయి ఉంటది.

ఇప్పుడు సరిగ్గా పూత టైము. జేజీ 11 (మామూలు నాటు శనగ రకం) చేలో పువ్వు గులాబీ రంగు, గింజ చిన్నది, గోధుమ రంగు. కాబూలీ చేలో, అదే కాక్ 2 లాంటివి, పువ్వు తెలుపు, గింజ పెద్దది, మీగడ రంగు. పిల్లల్ని ఒక కాబూలీ చేనుకి తీసుకుపోండి, తెల్లపూల మధ్యలో అక్కడక్కడా గులాబీ పువ్వు చెట్లు కనపడతయ్యి. మేము వాటిని బెరుకులు అంటాం, విత్తన పంట అయితే పీకేస్తాం. పిల్లల్ని పీకనీయకండి. ఇది ఇక్కడికి ఎట్టా వచ్చింది అని అడగండి.

రెండే దారులు. ఒకటి, విత్తనంలో జేజీ గింజ కలిసింది, చేలో కల్తీ అంటే మామూలుగా ఇదే. రెండోది, పోయినేడు ఏదో తేనెటీగ పుణ్యాన కాబూలీ పువ్వుకి జేజీ పుప్పొడి పడి హైబ్రిడ్ అయింది, ఇది శనగలో అరుదు. చూడటానికి రెండు చెట్లూ గులాబీయే. ఏది ఏదో ఎట్టా తెలుస్తది? ఆ చెట్టు గింజలు విడిగా దాచి వచ్చే అక్టోబరులో వేస్తే తెలుస్తది. కల్తీ చెట్టయితే పిల్లలన్నీ గులాబీయే, హైబ్రిడ్ అయితే కొన్ని తెల్లపూలు బయటపడతయ్యి.

ఒక్క జాగ్రత్త. బఠాణీలో ఒకే కాయలో గుండ్రటి గింజా ముడతల గింజా పక్కపక్కన కనపడతయ్యి కదా, శనగలో గింజ రంగు అట్టా కనపడదు. గింజ పైతోలు బిడ్డది కాదు, తల్లి చెట్టుది. అందుకని ఒక చెట్టు గింజలన్నీ ఒకటే రంగులో ఉంటయ్యి, పిల్లలు కాయ ఒలిచి చూసి "ఏం తేడా లేదు సార్" అంటే నిరాశ పడొద్దు. వేసి, పూత దాకా ఆగాల్సిందే.

నల్లరేగడి | డిసెంబరు 5, ఉదయం 6.10

అన్నా, ఇది కదా నేను వెతుకుతంది. రోజూ ఆ చేల మధ్యనుంచే బండి మీద స్కూలుకి పోతన్నా, ఒక్కసారి కూడా తట్టలేదు. తొమ్మిదో తరగతి పిల్లల చేత ఇప్పుడు గుర్తు పెట్టించి, వాళ్ళు పదికి వచ్చాక అక్టోబరులో వేయిస్తే, డిసెంబరుకి పూత, సరిగ్గా పాఠం చెప్పే టైముకి. రెండేళ్ళ పని అయినా పరవాలేదు. మా తొమ్మిదిలో సగం మంది ఇళ్ళల్లో శనగే.

జోడిపి | డిసెంబరు 5, మధ్యాహ్నం 1.20

నెల్లూరు మెట్ట ప్రాంతం మాది, గొర్రెలు మేపే ఇల్లు, నేను డిగ్రీ చేసి ఇప్పుడు వెటర్నరీ మందుల షాపులో ఉండా. పేరు చూసే ఉంటారు, జోడిపి అంటే మన నెల్లూరు గొర్రెల్లో తెల్లటి ఒంటికి కళ్ళ చుట్టూ, మూతి దగ్గరా నలుపు ఉండే రకం. పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలు.

రంగు జోలికి పోబాకండి, అది మా నాయనకే అంతు పట్టలేదు. కొమ్ముల సంగతి అడగండి పిలకాయల్ని. నెల్లూరు పొట్టేలుకి కొమ్ములుంటాయి, ఆడగొర్రెకి దాదాపుగా ఉండవు. మరి గొర్రె దగ్గర కొమ్ముల జీన్ లేనట్టా? నేను ఇంటర్లో మా సార్‌ని అడిగితే ఎక్స్ వై అని ఏదో చెప్పి కూర్చోపెట్టేశాడు. ఆ తర్వాత చదువుకుంటే తెలిసింది, జీన్ ఆడదాని దగ్గరా ఉంటుంది, కొడుక్కి ఇస్తుంది, కానీ ఒంట్లో ఉండే మగ హార్మోన్లని బట్టి అది బయటపడేదా లేదా అనేది ఉంటుంది. మా తాత చదువుకోలేదు, కానీ పొట్టేలుని ఎంచేటప్పుడు దాని తల్లిని కూడా చూసేవాడు. ఎందుకు తాతా అంటే "కనపడనిది కూడా దిగతాదిరా" అనేవాడు. మెండల్ చెప్పింది అదే కదా సార్.

మందలు మేపే ఇళ్ళ పిలకాయలు క్లాసులో వెనక కూర్చుంటారు. ఈ పాఠంలో వాళ్ళని ముందుకి పిలవండి. మిగతా వాళ్ళకంటే వాళ్ళకి జాస్తి తెలుసు.

ఉదయగిరి అమ్మ | డిసెంబరు 5, రాత్రి 10.50

నేను టీచర్ని కాదు, మా పాప పదో తరగతి. ఇక్కడ రాయొచ్చో లేదో తెలీదు. పోయిన వారం క్లాసులో మేనరికం గురించి చెప్పి, మీలో ఎవరి అమ్మానాన్నలది మేనరికం చేతులెత్తండి అన్నారంట. మా పాప ఎత్తింది. నన్ను మా మేనత్త కొడుక్కి ఇచ్చారు. మేనరికం చేసుకుంటే అవిటి పిల్లలు పుడతారు అని చెప్పారంట. పాప ఇంటికొచ్చి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, తర్వాత "నాకేమన్నా అవుతుందా అమ్మా" అని ఏడ్చింది. నాకేం చెప్పాలో తెలీలేదు. నిజం ఎంతవరకో చెప్పండి సార్, పాపకి ఎట్టా చెప్పాలో కూడా.

పినాకిని | డిసెంబరు 5, రాత్రి 11.35

అమ్మా, ముందు పాపకి ఒక మాట చెప్పు. ఇప్పటిదాకా ఆరోగ్యంగా పెరిగిన బిడ్డ, నీ పెళ్ళి వల్ల రేపేదో అయిపోతుందని భయపడే పని లేదు. ఆ లెక్క పుట్టబోయే బిడ్డల గురించి, పుట్టి ఎదిగిన బిడ్డ మీద వేసే ముద్ర కాదు. మనసులో బెంగ పోకపోతే ఒకసారి డాక్టర్ని అడగండి, అడిగితే తప్పేం లేదు.

నిజం ఎంతవరకు అంటే, మామూలు సంబంధంలో పుట్టే బిడ్డల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక పెద్ద లోపం ఉంటుంది. మేనత్త మేనమామ పిల్లల మధ్య సంబంధం అయితే దానికి ఇంకో రెండు మూడు కలుస్తాయి అని జెనెటిక్ డాక్టర్లు చెప్తారు. అంటే నూటికి తొంభై మందికి పైగా బిడ్డలు బాగానే పుడతారు. మేనమామకే ఇస్తే, లేదా తరం తర్వాత తరం లోలోపలే ఇచ్చుకుంటూ పోతే ప్రమాదం పెరుగుతుంది. తలసేమియా లాంటివి ఇంట్లో ఎవరికన్నా ఉంటే అప్పుడు తప్పకుండా పెళ్ళికి ముందే పరీక్ష చేయించుకోవాలి. దాచిపెట్టే సంగతి కాదు ఇది, భయపెట్టే సంగతీ కాదు.

చేతులెత్తించడం మాత్రం తప్పు. మన జిల్లాల్లో ఏ క్లాసులో అడిగినా లేచే చేతులు చాలా ఉంటాయి, ఆ చేతి వెనక ఒక ఇల్లు ఉంటుంది.

నేను దీన్ని ఎట్టా చేస్తానంటే, కాయితం కుటుంబం. ఒక తాత, అవ్వ, వాళ్ళకి ఒక కొడుకు, ఒక కూతురు, వాళ్ళ పిల్లలకి మేనరికం. తాత దగ్గర ఒక ఎర్ర చీటీ ఉంటుంది, దాచిన జీన్. అది కొడుక్కి పోయిందా, బిళ్ళ ఎగరెయ్యి. కూతురికి పోయిందా, మళ్ళీ ఎగరెయ్యి. వాళ్ళ దగ్గరి నుంచి మనవడికి ఒకటి, మనవరాలికి ఒకటి, ఆ ఇద్దరి దగ్గరి నుంచి బిడ్డకి రెండు. మొత్తం ఆరు సార్లూ బొమ్మే పడితే బిడ్డకి రెండు ఎర్ర చీటీలు. పిలకాయలు ఎగరేస్తుంటారు, మూడోసారో నాలుగోసారో పోతుంది. 64కి ఒకటి. తాతకి రెండు చీటీలు, అవ్వకి రెండు, నాలుగూ లెక్కేస్తే 16కి ఒకటి, పుస్తకాల్లో ఉండే అంకె ఇదే. మేనమామ సంబంధానికి 8కి ఒకటి ఎందుకు అవుతుందో వాళ్ళే చెప్తారు, దారిలో ఒక బిళ్ళ తగ్గింది మేడం అని.

వేరే ఊరి సంబంధం అయితే ఆ ఎర్ర చీటీ రెండో వైపు నుంచి కూడా రావాలంటే రెండో ఇంట్లో కూడా విడిగా ఉండాలి కదా, అదీ వాళ్ళే అంటారు. ఎవరి ఇంటి సంగతీ అడగకుండానే అందరికీ తెలియాల్సింది తెలుస్తుంది.

ఉదయగిరి అమ్మ | డిసెంబరు 6, ఉదయం 7.15

చాలా థాంక్స్ అక్కా. పొద్దున పాపని పక్కన కూర్చోబెట్టుకుని ఇది చదివించా. ఇద్దరం రూపాయి బిళ్ళతో వేసి చూశాం. పదకొండు సార్లు ఆడితే ఒక్కసారి కూడా ఆరు పడలేదు. నవ్వింది.

పీహెచ్‌సీ ల్యాబ్ | డిసెంబరు 6, ఉదయం 8.00

ఇంకొకటి కూడా ఈ పాఠంలోకే వస్తుంది, గ్రహణమొర్రి. మన భాషలో ఆ మాటలోనే కారణం పెట్టేశాం, గ్రహణం నాడు కడుపుతో ఉన్నామె బయటికొచ్చింది అందుకే పెదవి చీలింది అని. నిజానికి అది కొన్ని జీన్లు, కడుపులో ఉన్నప్పటి పరిస్థితులు కలిసి జరిగేది, మొదటి రెండు మూడు నెలల్లో ముఖం అతుక్కునే టైములో. ఆపరేషన్‌తో బాగవుతుంది. గ్రహణం ఏ ఊరికీ ప్రత్యేకంగా రాదు కదా, ఒకే గ్రహణం అంతమంది గర్భిణీల మీద పడితే అందరి బిడ్డలకీ ఎందుకు రాలేదు అని అడిగితే చాలు పిలకాయలే మాట్లాడతారు. మీ క్లాసులో ఆ బిడ్డ ఉంటే మాత్రం ఈ ఉదాహరణ తియ్యబాకండి, ఇంకోటి చూసుకోండి.

నల్లరేగడి | డిసెంబరు 14, రాత్రి 9.20

ఈ రోజు తొమ్మిదో తరగతిని చేనుకి తీసుకుపోయా. రైతు మా పిల్లాడి పెదనాన్నే. ఎకరం కాబూలీలో ఆరు గులాబీ చెట్లు దొరికినయ్యి. ఒక్కోదానికి కర్ర పాతి, గుడ్డపేలిక కట్టి, ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు రాశారు. పక్కన ఒక తెల్లపూల చెట్టుకి కూడా ఏడు నంబరు కట్టమంది ఒకమ్మాయి. ఎందుకమ్మా అంటే "తెల్లదాంట్లో ఏమన్నా దాక్కుని ఉందేమో చూడొద్దా సార్" అంది. నేనసలు అనుకోలేదు అది.

పేరు పెట్టలేదు ఇంకా. డామినెంట్ అన్న మాట ఇంతవరకు నా నోట్లోంచి రాలేదు. ప్రతివాడూ తన అంచనా నోట్సులో రాసి తేదీ వేశాడు. 31 మంది విత్తనం కల్తీ అన్నారు, 9 మంది రెండు రకాలూ కలిసి పుట్టింది అన్నారు.

విత్తనాల సంచి | డిసెంబరు 15, ఉదయం 5.30

ఆ అమ్మాయికి నా తరఫున చెప్పండి, విత్తన పంటలో మేము చేసేది కూడా అదే. కాయలు ఎండినాక ఒక్కో చెట్టు విడిగా పీకి, విడి కవర్లలో. వేపాకు వేసి దాచండి, శనగకి పుచ్చు పురుగు పట్టిందంటే మొత్తం పిండే. అన్నీ ఒకే చోట వేయొద్దు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి శనగచేలు నీళ్ళల్లో నిలబడింది గుర్తుంది కదా, సగం చేలో వేసి సగం స్కూల్లో సంచుల్లో వేయండి.

నల్లరేగడి | మరుసటి ఏడాది డిసెంబరు 19, రాత్రి 8.45

ఏడాది తర్వాత ఈ దారం పైకి తెస్తన్నా. విత్తనాల సంచి అన్నకి, మాస్టారికి, మేడంకి, అందరికీ చెప్పాలి.

నాలుగో నంబరు కవరుకి పురుగు పట్టింది, వేపాకు ఎండిపోయి రాలిపోయినాక మేం మళ్ళీ మార్చలేదు, వేసవి సెలవుల్లో ఎవరూ చూళ్ళేదు. అది పోయింది. మిగతావి అక్టోబరు చివర్లో వేశాం. ఒకటి, రెండు, మూడు, ఆరు, ఈ నాలుగు చెట్ల పిల్లలన్నీ గులాబీ పూలే. ఏడో నంబరు, తెల్లది, అన్నీ తెల్లపూలే.

ఐదో నంబరు పూత కోసం పిల్లలు వారం రోజులు పొద్దున్నే వచ్చి చూసిపోయారు. మొదటి నాలుగు రోజులు అన్నీ గులాబీయే, ఇక ఇదీ కల్తీయే సార్ అన్నారు. ఐదో రోజు ఒక తెల్ల పువ్వు విచ్చుకుంది. ప్రార్థన బెల్లు కొట్టినా ఎవరూ కదల్లేదు, హెడ్మాస్టరు గారు కూడా వచ్చి వంగి చూశారు. మొత్తం 52 చెట్లు బతికినయ్యి, 38 గులాబీ, 14 తెలుపు. పోయినేడు 9 మందిలో ఉన్న పిల్లాడు నోట్సు తెచ్చి తేదీతో సహా అందరికీ చూపించాడు.

అప్పుడు మెండల్ పది చెట్ల లెక్క బోర్డు మీద రాశా. "మన ఐదో నంబరు కూడా ఆ లిస్టులో కలుపుదాం సార్" అన్నారు. కలిపారు. స్లిప్ టెస్టులో నాలుగో బిడ్డ ప్రశ్న మళ్ళీ ఇచ్చా, 40 మందిలో 33 మంది "ముందు పుట్టిన వాళ్ళతో సంబంధం లేదు, ప్రతిసారీ 4కి 1" అని రాశారు. మిగతా ఏడుగురితో రేపు బిళ్ళలు వేయిస్తా.

ఇప్పుడు కొత్త ప్రశ్న మీద పడ్డారు. ఆ 38 గులాబీల్లో ఏది లోపల తెలుపు దాచుకుంది, ఏది దాచుకోలేదు, చూసి చెప్పలేం కదా, ఎట్టా తెలుస్తది అని. మళ్ళీ వేస్తేనే తెలుస్తది అని వాళ్ళే అన్నారు, కానీ అప్పటికి వాళ్ళు పది దాటి వెళ్ళిపోతారు. అందుకని 38 కవర్లు కుట్టారు, పాత క్యాలెండర్ కాయితాలతో. ఒక్కో దాని మీద చెట్టు నంబరు, కింద "తొమ్మిదో తరగతి వాళ్ళకి, వేపాకు నెలకోసారి మార్చండి" అని రాశారు. ఫిబ్రవరిలో కాయ ఎండినాక నింపి ల్యాబ్ బీరువాలో పై అరలో పెడతాం.

విత్తనాల సంచి | డిసెంబరు 19, రాత్రి 9.10

సారూ, ఏప్రిల్లో సెలవులిచ్చే ముందు ఆ కవర్లు మా గోడౌన్‌కి పంపండి. బడి తెరిచేదాకా నేను చూసుకుంటా.

జోడిపి | డిసెంబరు 19, రాత్రి 9.25

ఐదో నంబరు గింజలు ఒక పది మా మెట్టకి కూడా పంపిస్తారా అన్నా, మా ఊరి హైస్కూల్ మేడం అడుగుతుండారు.

నల్లరేగడి | డిసెంబరు 19, రాత్రి 9.30

పంపిస్తా తమ్ముడూ. అయితే అవి పిల్లలవి, రేపు క్లాసులో వాళ్ళనడిగి చెప్తా.